ఒట్టి షాపల అంగడి మాటలు: తెలంగాణ సాహిత్య అకాడమీకి బహిరంగ లేఖ



కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో ఎండబెట్టిన చేపకు రెండు పేర్లున్నాయి. ఒకటి ఎండు షాప, రెండోది ఒట్టి షాప. మొదటి పేరులో ఎండ ఉంది. ఆకాశంలోంచి పడే వేడికీ, వస్తువులోని తేమ పోవడానికీ తెలుగులో ఒకటే మాట. రెండో పేరులోని 'ఒట్టి'ని ఉత్త, ఖాళీ అన్న అర్థంలో తీసుకుంటే అసలు సంగతి చేజారుతుంది. వట్టు అనే పాత క్రియకు ఇంకిపోవడమని అర్థం. పాలివ్వడం మానేసిన బర్రెను ఒట్టిపోయిందంటారు. తమిళంలో నీరు ఇంకడాన్ని చెప్పే 'వట్రు' దీనికి తోబుట్టువు. మాంసాన్ని ముక్కలు కోసి ఉప్పు, పసుపు రాసి దండెం మీద ఆరేస్తే అవి ఒట్టి తునకలు. మామిడికాయనో టమాటనో కోసి ఎండబోస్తే ఒరుగులు. ఇంట్లో ఎండబెట్టే ప్రతి సరుకుకూ దాని మాట దానికుంది. మాంసానికి, చేపకు 'ఒట్టి' వాడతారు, కూరగాయకు వాడరు. ఈ తేడాను ఎవరూ నేర్పరు, ఎవరూ తప్పరు.

చుట్టుపక్కల భాషలు చూస్తే ఈ పేరు ఎంత సొంతదో తెలుస్తుంది. ఒడియాలో శుఖువా, బెంగాలీలో శుట్కీ, మరాఠీలో సుకీ మాసళీ. ఈ మూడూ శుష్క, సూఖా కుటుంబం మాటలు. మలయాళంలో ఉణక్క మీన్, కన్నడలో ఒణ మీను. తమిళంలో కరువాడు. తెలుగు మాత్రం ఎండనూ వట్టడాన్నీ పట్టుకుంది. కోస్తాలో ఎండుచేపతో పాటు ఉప్పుచేప అన్న పేరు కూడా గట్టిగా నిలిచింది. ఉప్పు పండే నేల అది. ఉత్తర తెలంగాణకు ఉప్పు బయటి నుంచి రావాలి. ఇక్కడి పేర్లలో ఉప్పు కంటే ఎండే ముందుండడం సహజం.

ఇక షాప అన్న ఉచ్చారణ. దీన్ని చేపకు చెడిన రూపమని పాఠశాలల్లో దిద్దుతుంటారు. ఈ మార్పు పూర్తిగా నియమబద్ధంగా జరిగింది. తెలుగులో ఏకారం తర్వాతి అక్షరంలో అకారం ఉంటే ఆ ఏకారం నోరు తెరుచుకుని 'యా'కు దగ్గరవుతుంది. మేక మ్యాక అవుతుంది, చేట చ్యాట అవుతుంది, చేప చ్యాప అవుతుంది. రాతలో కనబడకపోయినా కోస్తా నోట్లోనూ ఇదే జరుగుతుంది. తర్వాతి అక్షరంలో ఉకారం ఉంటే ఏకారం కదలదు. అందుకే చేను ఎక్కడా చ్యాను కాలేదు. దీనిపైన ఉత్తర తెలంగాణ మరో అడుగు వేసింది. మాట మొదట్లో ఉన్న తాలవ్య చకారాన్ని ఊరిని బట్టి శ, ష, స లలో ఒకటిగా మార్చుకుంది. చెరువు శెరువయింది, చింత శింతో సింతో అయింది, చేను శేనయింది, చేట శాటయింది, చేప శాప, షాప అయింది.

ఇందులో ఒక అందమైన సంగతి ఉంది. పరుచుకునే చాప కూడా ఈ ప్రాంతంలో మారింది, కానీ సాప అయింది. చాపలోని చకారం దంత్యం, నాలుక పళ్లకు తగులుతుంది. చేపలోని చకారం తాలవ్యం, నాలుక అంగిట్లోకి లేస్తుంది. చకారం పోయినా ఆ పాత తేడా పోలేదు. సాప మీద కూర్చుంటారు, షాప తింటారు. చిన్నయసూరి వ్యాకరణం చదవని నోరు రెండు చకారాలనూ ఇంత జాగ్రత్తగా వేరుగా దాచిపెట్టింది. అలాంటి నోటిని దిద్దాలనుకున్నవాళ్లు ఒకసారి ఆగి వినాలి.

చేపకు తెలుగులో ఇంకో పాత మాట ఉంది: మీను. దక్షిణ భారతమంతా వ్యాపించిన ద్రావిడ పదమిది. వాడుక తెలుగులో అది దాదాపు పక్కకు తప్పుకుంది. ఒక్క కొర్రమీను పేరులో గట్టిగా నిలబడింది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. పల్లెల్లో కొర్రమట్ట అన్న పేరు ఎక్కువ వినిపిస్తుంది. ఆదిలాబాద్ అడవుల్లో గోండీ మాట్లాడేవారికి చేప అంటే ఇప్పటికీ మీన్. పక్క గూడెంలోని కొలాములకు అది కయ్యె. తమిళంలో ఒక రకం చేపను చెప్పే కయల్‌కు ఇది దగ్గరి చుట్టం. ఒకే అంగట్లో ఒకే కుప్ప ముందు నిలబడి షాప, మీన్, కయ్యె, ఉర్దూ మచ్లీ, మరాఠీ మాసా అన్న అయిదు మాటలు వినగలిగిన చోట్లు తెలుగు నేల మీద ఎక్కువ లేవు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు, ఆసిఫాబాద్ వైపు వారపు అంగళ్లు అలాంటివి.

ఈ జిల్లాలకు సముద్రం లేదు, వందల కిలోమీటర్లు పోతే తప్ప కనబడదు. అయినా అంగట్లో ఎండుచేప లేని వారం ఉండదు. ఆ సరుకు మూడు దారుల్లో వచ్చింది. మూడు దారులూ తమ తమ మాటలను మోసుకొచ్చాయి.

మొదటి దారి ఊరి చెరువుదే. గోదావరి, ప్రాణహిత, పెన్‌గంగ, మానేరు, కడెం పారే నేల ఇది. వాటికి తోడు కాకతీయుల కాలం నుంచి తవ్వుకున్న చెరువులు, కుంటలు. వానాకాలం చెరువు నిండి మత్తడి దుంకితే చేప ఎదురెక్కుతుంది. మత్తడిని కోస్తాలో అలుగు అంటారు, కొన్నిచోట్ల కలుజు అంటారు. ఎండకాలం నీళ్లు అడుగంటాక గంగపుత్రులు, ముదిరాజులు చెరువు పడతారు. బొచ్చె, రవ్వ, వాలుగ, కొర్రమట్ట వంటి పెద్దవి పచ్చివిగానే అమ్ముడుపోతాయి. మిగిలేవి పరకలు. వేలెడంత లేని ఈ చిన్న చేపలను కోస్తాలో పరిగెలంటారు. ఎండేది ఎక్కువగా ఇవే. పెద్ద చేపనైతే పొట్ట చీల్చి, పేగులు తీసి, దొడ్డుప్పు పట్టించాలి. పరకలకు అంత పని లేదు, కడిగి బండ మీద పోస్తే చాలు. కల్లుప్పు, రాళ్ల ఉప్పు అని మిగతా తెలుగువాళ్లు అనేదాన్ని ఇక్కడ దొడ్డుప్పు అంటారు. దొడ్డు, సన్న అనే జంట ఈ ప్రాంతపు కొలబద్ద. బియ్యం దొడ్డువో సన్నవో, రవ్వ దొడ్డుదో సన్నదో, రొయ్యలూ అంతే.

రెండో దారి రైలుది. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య రైలు మార్గం పూర్తయింది. మద్రాసును ఢిల్లీతో కలిపిన ఆ పట్టాలు జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా పోయాయి. సముద్రపు సరుకు గోనెసంచుల్లో ఈ జిల్లాల నడిబొడ్డుకు చేరడానికి నేరుగా దారి ఏర్పడింది. బొగ్గు గనుల ఊళ్లు, కాగజ్‌నగర్ కాగితం మిల్లు పెరిగాక ఆ సరుకు కొనేవారూ పెరిగారు. గనుల్లో దిగే మనిషికి నాలుగు రోజులు చెడకుండా ఉండే, చవకగా దొరికే, అంబలిలోకైనా రొట్టెలోకైనా సరిపడే నీసు కావాలి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ తీరాల నుంచి వచ్చిన చేప తన పేరుతో పాటు వచ్చింది. కొన్ని పేర్లు దారిలో మారాయి కూడా.

వాటిలో నెత్తళ్ల కథ చెప్పుకోదగ్గది. వేలెడు పొడవుండి, పక్కన వెండి చారతో మెరిసే ఈ చిన్న సముద్రపు చేప తమిళంలో నెత్తిలి, మలయాళంలో నెత్తోలి. తెలుగు తీరంలో నెత్తళ్లు అయింది. అక్కడే చాలామంది నోట మెత్తళ్లుగా మారింది. నెత్త అంటే ఏమిటో తెలియని చెవికి మెత్త దగ్గరగా తోచి ఉంటుంది. నములుతుంటే మెత్తగా విరిగే చేప కాబట్టి ఆ పేరు ఒప్పింది కూడా. తెలంగాణ అంగళ్లలో రెండు రూపాలూ వినబడతాయి. సావిడాయిలు రిబ్బను పట్టీల్లా పొడవుగా, తెల్లగా ఉంటాయి. కానాగంతలు, కవ్వళ్లు కోస్తాలో పేరున్న చేపలు. వాటి పేర్లు ఇక్కడ కొనేవారికంటే అమ్మేవారికే ఎక్కువ తెలుసు. కొనేవారు వేలు చూపించి "గవి ఏంటియి" అని అడుగుతారు. అమ్మే అవ్వకు కోస్తా వర్తకుడి దగ్గర విన్న పేరు గుర్తుంటే చెబుతుంది, లేకుంటే రూపాన్ని బట్టి తానే ఒక పేరు పెడుతుంది. ఆ అవ్వ పెట్టిన పేరును కూడా పదకోశంలో చేర్చాలి. ఒక భాషలో మాట పుట్టే క్షణం అది.

మూడో దారి మరాఠీ నేల నుంచి వచ్చింది. ఆదిలాబాద్ పట్టణానికి రైలు పెద్దపల్లి వైపు నుంచి కాదు, మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్, కిన్వట్ మీదుగా వస్తుంది. పెన్‌గంగ దాటితే విదర్భ. అక్కడ సన్నటి ఎండు రొయ్య సుకట, పెద్దదైతే ఝింగా. బొంబాయి తీరంలో తాళ్లకు వేలాడదీసి ఎండబెట్టే చేప బొంబీల్. అదే చేపను తెలుగు తీరంలో వానమట్ట అంటారు. కాకినాడ సంచిలో వచ్చిన వానమట్ట, నాందేడ్ వైపు నుంచి వచ్చిన బొంబీల్ ఒకటేనని తెలిసినవారు ఆదిలాబాద్ అంగట్లో ఉన్నారు. వీటి మీద నిజాం కాలపు ఉర్దూ పొర కూడా ఉంది. హైదరాబాద్ బేగంబజార్ నుంచి సరుకు తెచ్చే వర్తకుల నోట అదే సూఖీ మచ్లీ.

రొయ్యల దగ్గర మాటల సంపద ఇంకా చిక్కబడుతుంది. ఎండు రొయ్యలు కలిసిపోయి ఎండ్రొయ్యలయ్యాయి. ఒట్టి రొయ్యలన్నా అవే. కోస్తాలో వీటికి పప్పుధాన్యాల భాష వాడతారు. పెంకు తీసి, తల తుంచి, లోపలి కండ మాత్రమే మిగిల్చి ఎండబెడితే రొయ్యపప్పు. వలలో పడ్డ నలుసంత రొయ్యలను అలాగే ఎండబెడితే రొయ్యపొట్టు. కందులు విసిరి చెరిగిన చెయ్యే ఈ సరుకుకూ పేరు పెట్టింది. లోపలిది పప్పు, మిగిలింది పొట్టు. కరీంనగర్ వైపు ఈ జంట కంటే సన్న రొయ్యలు, దొడ్డు రొయ్యలు అన్న విభజనే ఎక్కువ చలామణిలో ఉంది. కోస్తా మాట రొయ్య లోపలికి చూస్తే, తెలంగాణ మాట రొయ్య కొలతను చూస్తుంది. రెండూ ఒకే సరుకు గురించి చెప్పే రెండు సత్యాలు. ఒకదాన్ని ప్రామాణికమనీ రెండోదాన్ని మాండలికమనీ వేరు చేయడం తప్పు.

అంగడి అన్న మాటకు కూడా ఇక్కడ సొంత అర్థముంది. వారానికోసారి కూడే బజారును కోస్తాలో సంత అంటారు. రాయలసీమలో అంగడి అంటే రోజూ తెరిచే దుకాణం. ఉత్తర తెలంగాణలో అంగడంటే వారపు బజారు. ఆ అంగట్లో ఎండుచేపల వరుస ఎక్కడుందో వాసనే చెబుతుంది. నేల మీద గోనె పట్టా, దాని మీద కుప్పలు. ముందు వరుసలో సన్న రొయ్యలు గులాబీ రంగులో గుట్టగా ఉంటాయి, పక్కన నెత్తళ్లు, వాటి వెనక పరకలు, అన్నిటికీ వెనక ఉప్పు మరకలతో పెద్ద చేపల ముక్కలు. కుప్పకు కుప్పకు మధ్య జానెడు ఎడం. కూర్చున్న ఆడమనిషి కుడిచేతి దగ్గర సోల, తవ్వ, ఎడమ పక్కన శాట. సందు దొరికినప్పుడల్లా శాటలోకి ఎత్తి చెరిగి, దుమ్మును, విరిగిన తలలను వేరు చేస్తుంది. అక్కడ సాగే బేరం దాదాపు ఇట్లా ఉంటుంది:

"రొయ్యలెట్లిత్తున్నవ్ అవ్వా?"

"సోలెడా తవ్వెడా బిడ్డా?"

"ముక్కినయేమో."

"ముక్కుడేంది బిడ్డా, మొన్ననే ఎండవోసిన. శేతుల వట్టి సూడు, గలగల అంటున్నయ్."

"జర కొసరెయ్యి మరి."

"ఏత్త తియ్యి, బోణి గిరాకివి."

ఈ ఆరు మాటల్లో ఒక ప్రాంతపు వ్యాకరణం చాలా వరకు ఉంది. ఇస్తున్నావు ఇత్తున్నవ్ అయింది, వేస్తా ఏత్త అయింది. స్తకారం త్తకారం కావడం కరీంనగర్ నోటి గుర్తు. ముక్కడం ముక్కుడు అయింది. మిగతా తెలుగు 'అడం' అనే చోట ఇక్కడ 'ఉడు' అంటారు. ఎండవోసిన, వట్టి అన్నవి ఎండబోసినాను, పట్టి అన్న రూపాల పరిణామాలు. జర ఉర్దూ నుంచి, గిరాకి ఉర్దూ, మరాఠీల వైపు నుంచి వచ్చాయి. బిడ్డా అన్న పిలుపు వయసుతో పని లేకుండా కొనేవారందరికీ చెల్లుతుంది, మగవాడికైనా ఆడమనిషికైనా. అమ్మే మనిషి ముసలిదైతే అవ్వ, నడివయసుదైతే అక్క, చిన్నదైతే చెల్లె. అంగట్లో పరాయివాళ్లకు వేరే పిలుపు లేదు.

సోల, తవ్వ ఘనపరిమాణపు కొలతలు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. 1956లో చట్టం వచ్చి మెట్రిక్ తూకాలు అమలయ్యాక బియ్యానికి, పప్పుకు ఈ కొలతలు క్రమంగా పోయాయి. ఎండు రొయ్య విషయంలో మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఎండిన రొయ్య గాలిలా తేలిక. తడి తగిలితే బరువెక్కుతుంది. తూకానికి అమ్మితే సరిగ్గా ఎండనిది ఎక్కువ తూగి కొన్నవారు నష్టపోతారు. కొలతకు అమ్మితే ఆ మోసం సాగదు. సోల నిండా పోసి, పైన గోపురంలా నిలిపి కొలవడంలో అమ్మేవారి ధర్మం తెలుస్తుంది. సోల వాడడానికి కారణం అలవాటు మాత్రమే కాదు, ఆ సరుకు స్వభావం. కొలత పోతే ఈ తెలివీ పోతుంది, సోలెడు, తవ్వెడు, గిద్దెడు అన్న మాటలూ పోతాయి. సావిడాయిల వంటి పొడుగు చేపలకు కొలత కుదరదు కాబట్టి అవి కట్టలుగానో కుప్పలుగానో పోతాయి. పెద్ద ముక్కలు తరాజుకు ఎక్కుతాయి.

లెక్కల మాటలు ఎక్కువగా ఇతర వ్యాపారాలతో కలిసినవే. అప్పు మీద ఇస్తే ఉద్దెర, మధ్యవర్తి దగ్గర కొంటే అడ్తి, కొన్నదాన్ని మళ్లీ అమ్మితే మారుబేరం, పెట్టుబడి పెడితే లాగోడి, మొత్తం సంచి ఒకే ధరకు తీసుకుంటే గుత్త. వీటి గురించి ఇక్కడ విస్తరించనక్కరలేదు. వ్యవసాయపు మాటలను సేకరించినవారు వీటిలో చాలావాటిని ఇప్పటికే నమోదు చేశారు.

నమోదు కానివి నాణ్యతను చెప్పే మాటలు. ఈ వ్యాపారం అసలు ప్రాణం అక్కడే ఉంది. ఎండుచేప మంచిదో కాదో కన్ను ఒక్కటే చెప్పలేదు. చెవి చెప్పాలి, చెయ్యి చెప్పాలి, ముక్కు చెప్పాలి. పిడికెడు రొయ్యలను పైకెత్తి కుప్ప మీద వదిలితే గలగల అనాలి, చప్పుడు లేకుండా పడితే తేమ ఉన్నట్టు. చేపను వంచితే టక్కున విరగాలి, వంగితే మెత్తవడ్డట్టు. వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బాగా ఎండిన సరుకు కూడా మెత్తవడుతుంది. అప్పుడు మళ్లీ ఎండబోయాలి. వాసనలోనూ వరుసలున్నాయి. సహజంగా ఉండేది నీసు వాసన, పచ్చి మాంసం లాంటిది కౌసు, పాతబడి చెడుతున్నది ముక్క వాసన. ఉప్పు హద్దు దాటితే ఉప్పు కషం. బయటివారికి ఇదంతా ఒకటే దుర్వాసన. అమ్మే మనిషికి ఒక్కో వాసన ఒక్కో కబురు. చేప ఎన్నాళ్ల కిందటిదో, ఎక్కడ ఎండిందో, ఇంకెన్ని రోజులు నిలుస్తుందో ముక్కుతోనే చెప్పేస్తుంది. ఇలాంటి పరిజ్ఞానం పుస్తకాల్లో దొరకదు, ఆ మాటల్లోనే ఉంటుంది.

నీసు అన్న మాటకు ఈ ప్రాంతంలో ఇంకో వెడల్పు ఉంది. కోస్తాలో నీచు వాసనంటే చేప వాసన, అంతవరకే. ఇక్కడ నీసు అంటే మాంసాహారమంతా. ఫలానా వారం నీసు ముట్టమంటే మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టమని. వాసన పేరు భోజనం పేరయింది. మిరుగు నాటికి ఆ భోజనానికి పండుగ హోదా వస్తుంది. మృగశిర కార్తెను తెలంగాణ నోరు మిరుగు, మిర్గం అంటుంది. జూన్ మొదటి వారం దాటగానే కార్తె ప్రవేశించే ఆ రోజు చేప తినడం ఊరూరా ఉన్న ఆచారం. ఎండ తగ్గి చలువ మొదలయ్యే వేళ ఒంటికి వేడి కావాలని పెద్దలు చెబుతారు. బెల్లంలో ఇంగువ పెట్టి మింగడం కూడా ఆ రోజుదే. పచ్చి షాప దొరకని ఇంట్లో, కొనలేని ఇంట్లో ఒట్టి షాపతోనే మిరుగు గడిచేది. పెంక మీద ఏంచి, తలలు తుంచి, వేడినీళ్లలో కడిగి, పుంటికూరలోనో వంకాయలోనో వేస్తారు. పెంక అంటే పెనం, ఏంచుడు అంటే వేయించడం, పుంటికూర అంటే గోంగూర. మూడు మాటలకూ కోస్తా జతలున్నాయి. జొన్నరొట్టెతోనో గటకతోనో తింటే చారెడు రొయ్యలు ఇంటిల్లిపాదికీ సరిపోతాయి. పేదింటికి ఒట్టి షాప ఇచ్చిన భరోసా చారెడు రుచితో కుండెడు గటక తినిపించడం.

ఇంత విస్తారమైన మాటల సంపద పుస్తకాల్లో ఎంత చేరింది? 1852లో బ్రౌన్ నిఘంటువు వచ్చింది, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వచ్చింది. చేప పేరు కనబడిన చోట పాత నిఘంటువులు సాధారణంగా ఇచ్చే అర్థం 'మత్స్యవిశేషము'. అంటే ఒక రకం చేప. ఏ రకమో, ఏ నీటిదో, ఎట్లా ఉంటుందో, ఎండుతుందో లేదో చాలా చోట్ల చెప్పవు. చెట్ల పేర్ల దగ్గర 'వృక్షవిశేషము' అన్నా ఆయుర్వేదం పుణ్యమా అని కొంత వివరం ఇతర గ్రంథాల్లో దొరుకుతుంది. చేపకు ఆ అదృష్టం పట్టలేదు. ఫ్రాన్సిస్ డే 1875 నుంచి 1878 వరకు అచ్చేసిన భారతదేశపు చేపల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. కానీ అతను విన్న తెలుగు ప్రధానంగా తీరపు తెలుగు. మానేరు ఒడ్డు తెలుగు అందులో వినబడదు. నీసు వండని ఇళ్ల నుంచి వచ్చిన పండితుల చేతుల్లో నిఘంటువులు తయారయినప్పుడు నీసు వండే ఇళ్ల మాటలు బయట ఉండిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ లోటును ఇప్పటికీ పూడ్చకపోవడమే బాధ కలిగించే విషయం.

పూడ్చే దారి తెలుగువారికి తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయంపై మాండలిక వృత్తి పదకోశం ప్రచురించింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. రైతు దగ్గరికి, నేతగాడి దగ్గరికి వెళ్లి, ఒక్కో పనిముట్టుకు, ఒక్కో పనికి జిల్లా జిల్లాకూ ఏమంటారో అడిగి రాసుకున్న పని అది. కరీంనగర్ గడ్డ నుంచే నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం తెచ్చారు. పునాది ఉంది. చేపలు పట్టడం ఒక వృత్తి, ఎండిన చేపను కొని, నిలవచేసి, అంగడి అంగడికీ మోసి అమ్మడం ఇంకో వృత్తి. రెండో వృత్తిలో ఎక్కువగా ఉండేది ఆడవాళ్లు. ఆ వృత్తికి ఒక సంపుటం కావాలి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం కేంద్రంగా దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశాల ఎండుచేపల ఆర్థిక, సామాజిక జీవితంపై పరిశోధన జరిగింది. సరుకు లెక్కలు వాళ్లు రాశారు. మాటల లెక్క రాయవలసింది ఇక్కడివాళ్లే.

ఆలస్యం చేయడానికి లేదు. సూపర్ మార్కెట్లలో చాలా పొట్లాల మీద 'డ్రై ప్రాన్స్', 'డ్రై ఫిష్' అని మాత్రమే ఉంటుంది. ఏ చేపో కూడా ఉండదు. చెరువుల్లో వదిలే చేపపిల్లలు రోహు, కట్ల, మృగాల అన్న పేర్లతోనే ఊళ్లకు వస్తున్నాయి. రోహును కోస్తాలో శీలావతి అన్నారు, ఇక్కడ రవ్వ అన్నారు. ఈ రెండు పేర్లూ కాగితాల్లో కనబడడం లేదు. అమ్మే అవ్వల కూతుళ్లు, కోడళ్లు చాలామంది ఈ బేరంలోకి రావడం లేదు. బరువు మోయలేకో, వాసన గురించి నలుగురు అనే మాట పడలేకో వేరే పనులు చూసుకుంటున్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే సోలను గోపురంలా నింపే చెయ్యి ఆగిపోతే గలగలకు, మెత్తవడ్డదానికి తేడా చెప్పగలిగే నోరు కూడా ఆగిపోతుంది.

అందువల్ల అకాడమీకి ఈ విన్నపాలు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ముక్కలయ్యాయి. మాటలు ఆ హద్దులను పాటించవు కాబట్టి సేకరణ జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలన్నిటినీ ఒకే ప్రాంతంగా చూసి సాగాలి. ప్రతి మాటనూ పలికినట్టే రాయాలి, గొంతునూ రికార్డు చేయాలి. షాప, శాప అన్నవాటిలో ఏదో ఒకదాన్ని ఎన్నుకుని రెండోదాన్ని కొట్టేయకూడదు. ఏ ఊళ్లో ఏది అంటారో రాయాలి. గోండీ, కొలామీ, మరాఠీ, ఉర్దూ మాటలను పక్కనే నిలపాలి. ప్రతి పేరుకూ చేప ఏదో నిర్ధారించడానికి పెబ్బేరులోని మత్స్య విజ్ఞాన కళాశాల సాయం తీసుకోవాలి. 'మత్స్యవిశేషము' అన్న అర్థం ఈ పదకోశంలో ఒక్క చోట కూడా ఉండకూడదు. మాటలు చెప్పినవారికి ఆ రోజు అంగడి గిరాకి పోతుంది కాబట్టి దానికి తగిన పైకం ఇవ్వాలి, వారు ఒప్పుకుంటే పుస్తకంలో పేరు వేయాలి.

ఎండబోసే పని ఎండకాలంలో, అమ్మే పని ఏడాది పొడుగునా, తినే పండుగ మిరుగు నాడు. పని మొదలుపెట్టడానికి చైత్రం తగిన సమయం. వచ్చే మిరుగు నాటికి కనీసం పది అంగళ్ల మాటలు రాతలోకి రావాలని మనవి.